మోకాళ్ళ మీద డిక్కీ బాబాయి

డిక్కీ తలుపు నెత్తి మీద పడి డిక్కీ బాబాయికి బుర్ర తిరిగిపోయిందని కార్ల షోరూములో అందరూ అనుకునేవారు. ఎప్పుడు పడింది, ఎక్కడ పడింది, ఎవరు చూశారు అని అడిగితే మాత్రం తలా ఒక మాట చెప్పేవారు. గేటు దగ్గర కూర్చునే వాచ్‌మన్ తాత చెప్పేదాని ప్రకారం అది లారీ అంత బండి తలుపు. పడగానే బాబాయి మెడ రెండంగుళాలు లోపలికి దిగిపోయింది, అందుకే ఆయన ఎప్పుడూ పెట్టుకుని తిరిగే ఆ మెడపట్టీ. కార్లు అమ్మే టై మాత్రం ఒప్పుకునేవాడు కాదు. మెడకేమీ కాలేదనీ, దెబ్బంతా లోపలే తగిలిందనీ అతని వాదన.

“లోపల తగలకపోతే ఇంజను గురించి ఒక్కసారైనా అడిగేవాడు కదా తాతా!” అనేవాడు.

టై అంటే మనిషే. ఎండాకాలం కరెంటు పోయినా మెడలో టై సడలించేవాడు కాదు, అందుకని ఆ పేరు. షోరూములో అందరికన్నా బాగా మాట్లాడగలడని పేరున్న మనిషి. బాబాయి వచ్చాక అతని మాటలు సగంలోనే ఆగిపోవడం మొదలైంది.

ఎందుకంటే బాబాయి ఏ కారునైనా వెనకనుంచే చూస్తాడు. ముందు వైపు ఒకటుంటుందని తెలిసినట్టు కూడా కనబడడు. రంగు, సీట్లు, పాటల పెట్టె, మైలేజీ, ఏదీ పట్టదు. డిక్కీ తలుపు ఎటు తెరుచుకుంటుంది, ఎలా మూసుకుంటుంది, అంతే.

మొదటిసారి వచ్చిన రోజున టై ఎదురెళ్ళి, హాలు మధ్యలో దీపాల కింద నిలబెట్టిన ఏడు సీట్ల బండి దగ్గరికి తీసుకెళ్ళాడు.

“ముఖం చూడండి సార్. పులిలా లేదూ?”

“పులి ముఖంతో నాకేం పని నాయనా? తోక చూపించు.”

“ముందు ఇంజను సంగతి చెప్తాను సార్…”

“ఉందా?”

“ఉందండీ!”

“మరింకేం. వెనక్కి రా.”

ఆ బండి అద్దం తుడుస్తున్న అమ్మాయికి నవ్వు ఆగలేదు. తుడిచే గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుంది. దానికున్న పాలిష్ వాసనకి నవ్వు కాస్తా దగ్గయింది. తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసి ఆ పనిలో చేరిన పిల్ల. ఇప్పుడు ఇరవయ్యేళ్ళు. షోరూములో ఎవరూ ఆమెతో పెద్దగా మాట్లాడరు. “ఇదిగో, ఇక్కడ మరక” అంటారు, ఆమె వచ్చి తుడుస్తుంది. ఆమెకీ అదే సుఖం. మాట్లాడాల్సి వస్తే గొంతు ఎక్కడో దాక్కుంటుంది. కళ్ళు మాత్రం ఊరుకోవు.

అందుకే ఆ తర్వాత బాబాయి చేసిన పనిని ఆమె చూసినంత శ్రద్ధగా ఇంకెవరూ చూడలేదు.

బాబాయి ఆరడుగుల మనిషి. బండి వెనక్కి వెళ్ళి చెప్పులు విడిచాడు. రెండు చెప్పులూ నేలమీద పక్కపక్కన పెట్టి, వాటి మీద మోకాళ్ళు ఆనించి కూర్చున్నాడు. జేబులోంచి తాడు తీసి, ఒక కొస కుడి మణికట్టుకి కట్టుకుని, రెండో కొస నడుం బెల్టుకి ముడివేశాడు. ఆ చెయ్యి ఇక భుజం దాటి లేవదు. వెంట తెచ్చుకున్న సంచిలోంచి ఇంకో చిన్న సంచి తీశాడు. నిండా ఇసక, పైన పట్టుకోడానికి పిడి. దాన్ని ఎడమ చేత్తో ఎత్తి పట్టుకున్నాడు. అప్పుడు, “ఊఁ” అన్నాడు, తయారన్నట్టు.

టీ తాగుతున్న ఇద్దరు గుమాస్తాలు గ్లాసులతో సహా లేచి వచ్చారు.

బాబాయి కుడి చేత్తో గొళ్ళెం నొక్కాడు. తలుపు బుస్సుమంటూ పైకి, పైపైకి లేచి ఆకాశంలో ఆగింది. కింద బాబాయి, చేతిలో ఇసక సంచి. సంచి లోపల పెట్టాడు. తలెత్తి చూడబోతే మెడపట్టీ అడ్డొచ్చింది. నడుం వెనక్కి వాల్చి చూశాడు.

“ఇప్పుడు దీన్ని మూసేదెలా?”

“కొంచెం లేచి నిలబడితే సార్…”

“నిలబడినా ఇంతే ఎత్తు.”

టైకి ఆ మాట అర్థం కాలేదు. అర్థమైనట్టు తలూపడం అతని వృత్తిలో భాగం కాబట్టి ఊపాడు. “లాగడానికి లోపల పట్టీ ఉంటుంది సార్, అదిగో!”

బాబాయి కుడి చెయ్యి పట్టీ వైపు లేచింది. తాడు బిగుసుకుంది. పట్టీ ఇంకా జానెడు దూరంలో ఊగుతోంది. ఊగుతున్న పట్టీ కేసి బాబాయి, బాబాయి కేసి పట్టీ చాలాసేపు చూసుకున్నారు. తర్వాత ఆయన తాడు విప్పుకుని లేచి, మోకాళ్ళు దులుపుకున్నాడు.

“ఇంజను బాగానే ఉన్నట్టుంది. వస్తాను,” అని వెళ్ళిపోయాడు.

మళ్ళీ వారం వచ్చాడు. ఆ పై వారమూ వచ్చాడు. మెకానిక్కులు కూడా పనాపుకుని చూడ్డానికి వచ్చేవారు.

టై పట్టువదిలే రకం కాదు. ఈసారి కరెంటుతో నడిచే తలుపు చూపించాడు. “చెయ్యే పెట్టక్కర్లేదు సార్. బంపరు కింద కాలు ఆడిస్తే చాలు, తలుపు దానంతటదే లేస్తుంది.”

“ఏ కాలు?”

“ఏదైనా సార్.”

“చేతిలో బరువుంది. ఒంటికాలి మీద నిలబడి రెండో కాలు ఆడించాలా? ఇది కారా, సర్కసా?”

“పోనీ తాళంచెవి మీద మీట ఉందండీ.”

“తాళంచెవి ఎక్కడుంటుంది? సంచిలో ఉంటుంది. సంచి ఎక్కడుంటుంది? ముందు సీట్లో ఉంటుంది. అది సరే, మూసే మీట ఎక్కడ పెట్టారు?”

టై వేలు పైకి చూపించాడు. మూసే మీట లేచిన తలుపు అంచున, ఆకాశంలోనే ఉంది.

“పొట్టివాళ్ళు తెరవొచ్చు గాని మూయకూడదన్నమాట,” అన్నాడు బాబాయి. కోపంగా కాదు. బడిలో పిల్లాడి తప్పు దిద్దే పంతులులా అన్నాడు.

పక్కకి తెరుచుకునే తలుపుని బయట వాలు మీద చూశారు. వీపున స్టెప్నీ మోసే తలుపు అది, మహా బరువు. తెరిచి సంచి ఎత్తేలోగా వాలుకి తిరిగి వచ్చి, బాబాయిని చెప్పులతో సహా మోకాళ్ళ మీదే రెండడుగులు నెట్టుకెళ్ళింది. పై సగం పైకీ, కింది సగం కిందికీ తెరుచుకునే తలుపు ఆయనకి కాస్త నచ్చింది. కింది సగం బల్లలా పరుచుకుంటే దాని మీద చెయ్యి ఆనించి సంతోషంగా నిమిరాడు. సంచి లోపలికి పెట్టబోతే ఆ బల్లే పొట్టకి అడ్డుపడింది. చెయ్యి అందలేదు.

“కంచం గోడకి అవతల పెట్టి భోజనానికి పిలిచినట్టుంది,” అన్నాడు. “ఇంజను బాగానే ఉన్నట్టుంది. వస్తాను.”

ఆరోసారి వచ్చినప్పుడు టై ఇంకెవరితోనో ఉన్నాడు. బాబాయి ఒక బండి వెనక నిలబడి, డిక్కీ అంచు తుడుస్తున్న అమ్మాయిని చూశాడు. ఆమె ఒక్కో తలుపునీ తెరవడం, తుడవడం, మూయడం కాసేపు గమనించాడు. పట్టీ అందక ఆమె చిన్నగా ఎగిరి అందుకోవడం కూడా చూశాడు.

“అమ్మాయ్, రోజూ వీటితో కాపురం చేసేది నువ్వే కదా. వీటిలో చెప్పిన మాట వినేది ఏది?”

ఆమె అటూ ఇటూ చూసింది, ఇంకెవరినో అడిగాడేమోనని. ఎవరూ లేరు. షోరూములో చేరిన ఈ ఆరేళ్ళలో ఎవరైనా ఆమెని కారు గురించి అడగడం అదే మొదలు.

“ఏదీ వినదండీ,” అంది, గుడ్డతో మాట్లాడుతున్నట్టు. ఆగింది. బాబాయి కదలకుండా వింటున్నాడు. అందుకని ఇంకో ముక్క వచ్చింది. “పైకి లేచేవాటికి వాన పడితే పైన నీళ్ళు నిలుస్తాయి. తెరవగానే అవన్నీ మన మెడలోకే వస్తాయి.”

“చూశావా! ఆ టై చెప్పాడా ఈ మాట?”

“ఆయన వానలో తెరవరండీ.”

బాబాయి పకపకా నవ్వాడు. నవ్వితే మెడ పట్టేసింది. “అమ్మా” అని మెడపట్టీ పట్టుకుని అక్కడే బంపరు మీద కూలబడ్డాడు. ఆమె పరుగున మంచినీళ్ళు తెచ్చింది. నీళ్ళు తాగాక, అడక్కుండానే చెప్పాడు.

“మా ఆవిడ కుట్టు టీచరమ్మా. ఆరు మిషన్లు బండిలో వేసుకుని వీధివీధికీ వెళ్ళి నేర్పుతుంది. నాలుగడుగుల ఏడంగుళాలు. నేను మోకాళ్ళ మీద కూర్చుంటే, చెప్పులతో కలిపి, సరిగ్గా ఆవిడంత. కుడి భుజం బిగిసిపోయింది, చెయ్యి పైకి లేవదు. మిషను ఎడం చేత్తోనే మోస్తుంది.”

“సాయానికి ఎవరైనా…”

“అడగదు. నేర్చుకోడానికి వచ్చినవాళ్ళ చేత మోయించడం తప్పంటుంది. నన్నూ అడగలేదు, నేనే మధ్యలో దూరాను. ఇప్పుడు నా మెడ మొరాయించింది. డాక్టరు ఇంట్లో కూర్చోమన్నాడు. ఆవిడ సరేనని నెలాఖరుకి క్లాసులు ఆపేస్తానంటోంది. మిషన్లు అమ్మేస్తుందట. పదమూడు మంది నేర్చుకుంటున్నారు, సగంలో ఉన్నారు.”

సగంలో అన్న మాట దగ్గర ఆమె గుడ్డ మడత పెట్టడం ఆపింది.

“టీచరుగారినే ఒకసారి తీసుకురావచ్చు కదండీ?”

“వస్తే ప్రతి తలుపూ బాగుందంటుంది. నన్ను తిప్పడం ఇష్టం లేక ఉన్న పాతబండే చాలంటుంది. ముప్ఫయ్యేళ్ళుగా చూస్తున్నా, ఆవిడకి ఏదీ ఇబ్బంది కాదు. అందుకే నేను ఆవిడనై వచ్చి చూస్తున్నాను.”

షెడ్డులో ఉన్న బండి సంగతి ఆమె నాలిక చివరిదాకా వచ్చింది. వెనక పెరట్లో రేకుల షెడ్డులో, ఎవరూ కొనక మూలపడిన పాత రకం బండి ఒకటుంది. అమ్మకానికి పెట్టనిదాని గురించి చెబితే నవ్వుతారేమో అనిపించింది. ఇంతలో, “ఇదిగో, ఇక్కడ మరక!” అని కేక వినబడింది. మాట మింగేసి వెళ్ళిపోయింది.

ఆ రోజంతా ఆ మాట ఆమెకి గొంతులో చేపముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

నెల చివరి శనివారం కొత్త బండి విడుదల. రంగు కాగితాలు, బుడగలు, కొత్త బట్టల్లో జనం. మేనేజరు ఇస్త్రీ చొక్కాలో నలగకుండా తిరుగుతున్నాడు. ఒక కుటుంబం కొత్త బండి ముందు నిలబడి ఫొటో దిగుతోంది. అప్పుడు వాళ్ళ చిన్న కూతురు వెనక్కి వెళ్ళి చూసి గట్టిగా అడిగింది.

“అమ్మా, ఈ తాత కారుకి సారీ చెప్తున్నాడా?”

జనమంతా వెనక్కి వచ్చారు. చెప్పుల మీద మోకాళ్ళు, బెల్టుకి కట్టిన చెయ్యి, ఒళ్ళో ఇసక సంచి. బాబాయి అందరికీ మర్యాదగా తలూపబోయాడు. మెడ ఊగదు కాబట్టి మొత్తం ఒళ్ళంతా ఊపాడు.

మేనేజరు ముఖం ఎర్రబడింది. “పెద్దాయనా, ఇది కార్లు అమ్మే చోటు.”

“కొనడానికే వచ్చాను బాబూ.”

“ఏడుసార్లు వచ్చారు!”

“ఏడు తలుపులే చూపించారు మరి.”

“ఇక మా దగ్గర తలుపుల్లేవు. వచ్చే వారం నుంచి మిమ్మల్ని లోపలికి పంపొద్దని గేటు దగ్గర చెప్తున్నాను. ఏమీ అనుకోకండి.”

ఎవరో కిసుక్కుమన్నారు. బాబాయి ఏమీ అనుకున్నట్టు కనబడలేదు. తాడు విప్పుకున్నాడు. మణికట్టు మీద ఎర్రగా గీత పడింది. లేచాడు. మోకాళ్ళు దులుపుకోలేదు. ఇంజను బాగానే ఉన్నట్టుంది అనలేదు. చెప్పులు తొడుక్కుని గుమ్మం వైపు నడిచాడు.

ఆ ఒక్క మాట అనకపోవడం ఒక్క మనిషికే వినబడింది.

“ఇంకొకటి ఉంది.”

మేనేజరు ఎవరన్నారా అని వెతికాడు. ఆ అమ్మాయి తల మీదుగా చూశాడు, కనబడలేదు. కిందికి చూశాడు. చేతిలో గుడ్డ నలిపేస్తూ ఆమె ఇంకోసారి అంది, ఈసారి కాస్త గట్టిగా. “షెడ్డులో ఉందండీ. రెండు రెక్కల బండి.”

“అదా!” టై నవ్వాడు. “అది కంపెనీయే మానేసిన మోడల్ సార్. ఎవరూ అడగరు.”

“ఎవరికైనా చూపించావా?” అడిగాడు బాబాయి.

టై టై సర్దుకున్నాడు.

“నువ్వెళ్ళి నీ పని చూసుకో,” అన్నాడు మేనేజరు ఆమెతో.

“ఇదీ నా పనేనండీ,” అంది. అన్నాక భయపడింది. భయంలోనే మిగతాది కూడా వచ్చేసింది. “తాగే నీళ్ళ డబ్బాలు షెడ్డులో ఆ బండిలోనే పెడతారు. రోజూ నేనే దించుతాను. ఒక చేత్తో డబ్బా, ఒక చేత్తో తలుపు. మోచేత్తో మూస్తాను. ఎప్పుడూ ఎగరక్కర్లేదు.”

జనం ముందు కాదనలేక మేనేజరు షెడ్డు తాళం ఇచ్చాడు.

బండి మీద దుమ్ము వేలుతో రాస్తే అక్షరం పడేంత ఉంది, వెనక తలుపులు తప్ప. అవి అద్దాల్లా మెరుస్తున్నాయి. ఇంటి గుమ్మంలా రెండు రెక్కలు, నడుం ఎత్తున ఒకే గొళ్ళెం. బాబాయి చెప్పులు పరిచాడు, మోకాళ్ళు ఆనించాడు, తాడు కట్టాడు, సంచి ఎత్తాడు. కుడి చెయ్యి గొళ్ళెం మీద పడింది. తాడు బిగుసుకోలేదు. ఒక రెక్క తెరుచుకుంది. తేలిగ్గా కదిలి, తెరిచిన చోట చిన్న కొక్కేనికి తగులుకుని ఆగిపోయింది. గాలి వీచింది, కదల్లేదు. సంచి లోపల పెట్టాడు. మోచేత్తో మూశాడు. మళ్ళీ తెరిచాడు. మళ్ళీ మూశాడు. ఆరుసార్లు ఎక్కించాడు, ఆరుసార్లు దించాడు. టై చేతి గడియారం చూసుకోవడం మానేశాడు.

“వానొస్తే తల మీద నీడ ఉండదండీ దీనికి,” అంది ఆ అమ్మాయి. దాచి పెట్టడం ఇష్టం లేదు. “వెనక చూసుకునే అద్దంలో మధ్య కమ్మీ అడ్డొస్తుంది కూడా.”

“తడిస్తే ఆరుతుందిలే తల్లీ. కమ్మీ సంగతి ఆవిడే చూసుకుంటుంది,” అన్నాడు బాబాయి. మోకాళ్ళ మీద ఉన్నవాడు అలాగే ఆ అమ్మాయి వైపు తిరిగాడు. ఇద్దరి కళ్ళూ ఒకే ఎత్తున ఉన్నాయి. “ఇక్కడ తలుపులు తెలిసింది నీ ఒక్కదానికే.”

నాలుగో రోజున బండి కడిగి గేటు ముందు పెట్టారు. బాబాయి భార్యతో వచ్చాడు. టై తాళంచెవి పళ్ళెంలో పెట్టి బాబాయి ముందుకు చాపాడు.

“నాకెందుకు? నాకు సైకిలే సరిగ్గా రాదు,” అన్నాడు బాబాయి.

పక్కనున్న చిన్న మనిషి చెయ్యి చాపి తాళంచెవి అందుకుంది. నేరుగా ముందుకెళ్ళి బానెట్టు తెరిపించి, ఇంజను గురించి టైని అరగంట అడిగింది. ఇన్ని వారాలుగా ఇంజను గురించి చెప్పాలని తపించిన టైకి సగం ప్రశ్నలకి జవాబు తెలియలేదు. చెమటలు పట్టాయి. ఆ రోజు మొదటిసారి టై కొంచెం సడలింది.

ఆ తర్వాత ఆవిడ వెనక్కి వచ్చి తలుపు తెరిచి చూసుకుంది. అప్పుడు మొగుడి మోకాళ్ళ కేసి చూసింది.

“ప్యాంట్లన్నీ మోకాళ్ళ దగ్గరే చిరిగిపోతుంటే కుట్టలేక చచ్చాను. ఈ వయసులో ఎక్కడ పాకుతున్నారో అనుకున్నా. ఇందుకా?”

“తలుపు ఎలా ఉంది?”

“బాగుంది.”

“నిజంగా బాగుందా, నువ్వనే బాగుందా?”

ఆవిడ తలుపు మూసింది, తెరిచింది, మళ్ళీ మూసింది. “ఇక అన్ని క్లాసులకీ దీన్నే తీసుకెళ్తా,” అంది. బాబాయి ముఖం చూసి ఆ అమ్మాయి తల తిప్పేసుకుంది. అంత సంతోషాన్ని ఎదురుగా నిలబడి చూడటానికి సిగ్గేసింది.

ఆవిడ ఆమె దగ్గరికే వచ్చింది. “చూపించింది నువ్వేనటగా. సెలవెప్పుడు నీకు?”

“బుధవారమండీ.”

“బుధవారం ఈ షోరూము వెనక వీధిలోనే నా క్లాసు. రా. కొత్తగా మొదలుపెట్టినా పరవాలేదు.”

ఆమె తలూపింది. గొంతు వెతుక్కుని, “వస్తానండీ,” అని కూడా అంది.

బండి కదిలి గేటు దగ్గరికి వచ్చింది. వాచ్‌మన్ తాత ఇన్నాళ్ళుగా కడుపులో దాచుకున్న ప్రశ్న ఇక దాచుకోలేకపోయాడు. గేటు సగమే తీసి, కిటికీ దగ్గరికి వంగి అడిగేశాడు.

“అమ్మా, ఏమీ అనుకోకు. డిక్కీ తలుపు బాబాయి నెత్తి మీద ఎప్పుడు పడింది?”

“పడటమా?” ఆవిడ స్టీరింగు పట్టుకుని నవ్వింది. పక్క సీట్లో బాబాయి ఆకాశంలోకి చూడబోయి, మెడ లేవక చేతిగోళ్ళు చూసుకున్నాడు.

“మా పాతబండి తలుపు పైకెత్తితే నిలవదు తాతా. నిలబెట్టే గొట్టాలు బిగించే చోట రేకంతా తుప్పు పట్టి చేతికొచ్చేసింది. నేను ఆరు మిషన్లూ దించేదాకా, క్లాసయ్యాక మళ్ళీ ఎక్కించేదాకా ఈయన దాని కింద నెత్తి పెట్టి నిలబడేవారు. వీధివీధిలో, నాలుగేళ్ళు. అది ఒక్కసారి కూడా పడలేదు.”